మాయ పొరతో షుగరు పుండు మానుతుందా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లాలో కోవూరు దగ్గర పల్లె. మా నాయనకు 62 ఏళ్లు, 12 ఏళ్లుగా షుగరు ఉంది. నాట్లప్పుడు వట్టి కాళ్లతో గట్టు మీద నడుస్తుంటే ఏదో గుచ్చుకుని అరికాలికి పుండు పడింది. మూడు నెలలుగా కట్టు కట్టిస్తున్నా మానలేదు. నెల్లూరు డాక్టరుగారు కాన్పులో వచ్చే మాయ పొరతో తయారైన డ్రెస్సింగ్ వేద్దామంటున్నారు. మాయను పెరట్లో పూడ్చిపెట్టే ఆచారం మాది కనుక మా అమ్మ ఒప్పుకోవడం లేదు. దానివల్ల కొత్త జబ్బులు రావా? మంచిదే అయితే, ఈ నెలలోనే మా బంధువులమ్మాయి కాన్పు ఉంది, ఆ మాయ వాడుకోకూడదా?

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందుగా జవాబు చెబుతాను, ప్రమాదమంతా అక్కడే ఉంది. కాన్పు గదినుంచి తెచ్చిన పచ్చి మాయను పుండు మీద ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకండి. దానిలో రక్తం ఉంటుంది, ప్రసవ సమయంలో అంటిన సూక్ష్మజీవులూ ఉండవచ్చు. తల్లి ఆరోగ్యంగా కనిపించినా, ఆమె రక్తంలో ఏముందో పరీక్ష చేస్తే తప్ప తెలియదు.

డాక్టరుగారు చెప్పిన డ్రెస్సింగ్ అది కాదు. మాయకు లోపలివైపు, ఉమ్మనీటికి ఆనుకుని, ఉల్లిపొరలాగా పలుచని పొర ఒకటి ఉంటుంది. ముందే నిర్ణయించిన సిజేరియన్ కాన్పులలో, తల్లి రాతపూర్వకంగా అంగీకరించి, హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ పరీక్షలలో దోషం లేదని తేలిన తరువాతనే టిష్యూ బ్యాంకులు (దానంగా వచ్చిన ఇలాంటి పొరలను భద్రపరిచే సంస్థలు) దానిని సేకరిస్తాయి. శుభ్రంగా కడిగి, ఆరబెట్టో అతిశీతలంగా ఉంచో నిల్వ చేస్తాయి. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 1988లో మొదలైన టిష్యూ బ్యాంకు ఈ పొరను గామా కిరణాలతో శుద్ధి చేసి ఆసుపత్రులకు అందిస్తున్నది. ఇన్ని జల్లెడల గుండా వచ్చిన పొర వల్ల జబ్బు సోకే అవకాశం చాలా తక్కువ. అసలే లేదని మాత్రం ఏ వైద్యుడూ హామీ ఇవ్వకూడదు.

ఈ పొరలో రక్తనాళాలు లేవు, నరాలు లేవు. పరాయి శరీరం నుంచి వచ్చినదైనా మన ఒళ్లు దానిని పెద్దగా తిరస్కరించకపోవడం దీని విశేషం. కొత్త చర్మం పాకడానికి అవసరమైన కొల్లాజెన్ అనే ప్రొటీను పరుపు, కణాల పెరుగుదలను ప్రేరేపించే ప్రొటీన్లు, వాపును తగ్గించే పదార్థాలు ఇందులో ఉన్నాయి. ఇది కొత్త మోజు కాదు. అమెరికాలో డేవిస్ అనే వైద్యుడు 1910లోనే చర్మం అతకడానికి ఈ పొరలను వాడి చూశాడు, ఆ తరువాత కాలిన గాయాలకూ కంటి శస్త్రచికిత్సలకూ ఇది వాడుకలోకి వచ్చింది.

అయితే నేను గట్టిగా చెప్పదలచినది వేరే ఉంది. ఈ పొర, మానడానికి వీలున్న పుండుకు తోడ్పడుతుందే గాని, మానకుండా అడ్డుపడుతున్న కారణాన్ని తొలగించదు. షుగరు పాదాల వైద్యానికి సంబంధించి 2023లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా, మామూలు చికిత్స సక్రమంగా చేసినా పుండు తగ్గనప్పుడే దీనిని అదనంగా ఆలోచించవచ్చని చెబుతున్నాయి. అందుచేత ఒప్పుకునే ముందు డాక్టరుగారిని కొన్ని సంగతులు అడగండి. పాదానికి రక్తం సరిగా అందుతున్నదో లేదో డాప్లర్ పరీక్షతో చూశారా? ఎముకకు చీము పట్టలేదని ఎక్స్‌రేలో తేలిందా? చచ్చిన కండను తొలగించారా? అన్నిటికంటే ముఖ్యం, పుండు మీద బరువు పడకుండా ప్రత్యేకమైన చెప్పుగాని, పిండికట్టులాంటి తొడుగుగాని ఇచ్చారా? షుగరువల్ల స్పర్శ పోయిన పాదానికి నొప్పి తెలియదు; నొప్పి లేదు కదా అని మీ నాయనగారు రోజూ పొలానికి నడిచి వెళుతుంటే, ఎంత ఖరీదైన పొర వేసినా అడుగడుగునా అది నలిగిపోతుంది. నా అనుభవంలో మూడు నెలలు మానని పుండ్లలో చాలావాటికి కారణం ఈ నడకే.

ఇవన్నీ సరిచేసి, నాలుగు వారాలలో పుండు సగానికైనా తగ్గకపోతే అప్పుడు పొర వేయించడం సబబు. ఒకటికంటే ఎక్కువసార్లు వేయవలసి రావచ్చు గనుక మొత్తం ఖర్చెంతో ముందే అడగండి. వారం వారం పుండు కొలతలు రాయించండి. ఈలోగా దుర్వాసన, జ్వరం, వేలు నల్లబడటం, కాలు ఎర్రబడి వాయడం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మీ అమ్మగారి బాధ నాకు అర్థమవుతున్నది. బిడ్డను తొమ్మిది నెలలు కాపాడినదనే గౌరవంతోనే పెద్దలు మాయను మట్టిలో దాచారు. ఇదీ ఒక తల్లి ఇష్టపూర్వకంగా ఇచ్చిన దానమేనని ఆమెకు నెమ్మదిగా చెప్పండి. అప్పటికీ మనసొప్పకపోతే బలవంతం వద్దు, పుండు మానడానికి ఇది తప్పనిసరి కాదు.

ప్రశ్న: నేను ఎనిమిదో నెల గర్భిణిని, ఒంగోలులో ఉంటాను. నా మాయను ఇలా దానం చేయవచ్చా? బిడ్డకేమైనా హాని ఉందా?

జవాబు: బిడ్డ పుట్టి, బొడ్డు కోసిన తరువాతే మాయను తీసుకుంటారు గనుక మీకూ బిడ్డకూ హాని లేదు. కాని కాన్పు జరిగే ఆసుపత్రికి టిష్యూ బ్యాంకుతో సంబంధం ఉంటేనే ఇది వీలవుతుంది. ఆ సంగతి మీ డాక్టరుగారిని ఇప్పుడే అడిగి ఉంచండి. సహజ కాన్పులో పొరకు క్రిములు అంటుకునే అవకాశం ఎక్కువ కాబట్టి సాధారణంగా సిజేరియన్ అయినవారి నుంచే సేకరిస్తారు. దానం కోసమని మాత్రం సిజేరియన్ చేయించుకోవద్దు.