డీహెచ్‌ఎస్ వేయాలా, నెయిల్ వేయాలా?

బాబూ,

పెద్దవాళ్ల తుంటి ఫ్రాక్చర్‌కి డీహెచ్‌ఎస్ (తొడ ఎముక బయటి పక్కన ప్లేటు, అందులోంచి జారే పెద్ద స్క్రూ) మేలా, పీఎఫ్‌ఎన్ (ఎముక లోపలికి దించే కడ్డీ, అదే నెయిల్) మేలా అని అడిగావు. ఇంప్లాంట్ కంపెనీ కుర్రాడు రెండు సెట్లూ తెచ్చి, నెయిల్ వైపే చూపిస్తాడు. అతన్ని కాసేపు బయట కూర్చోబెట్టి ఎక్స్‌రే ఫిల్మ్ చూడు. విరిగిన కాలు బయటికి తిరిగి ఉంటుంది కాబట్టి మామూలు ఫిల్మ్‌లో చీలిక దారి సరిగా తెలియదు. నొప్పికి బ్లాక్ ఇచ్చి, కాలిని కొద్దిగా లాగి లోపలికి తిప్పి ఇంకో ఏపీ (ఎదుటి నుంచి తీసే ఫిల్మ్) తీయించు.

అందులో లాటరల్ వాల్ (తొడ ఎముక పైభాగంలో బయటి వైపు గోడ) మందం కొలువు. గ్రేటర్ ట్రోకాంటర్ (తొడ ఎముక పైకొసన బయటి ఉబ్బు) అడుగున ఉండే బుడిపె నుంచి 3 సెంటీమీటర్లు కిందికి దిగి, అక్కడినుంచి 135 డిగ్రీల కోణంలో చీలిక దాకా గీత గీయి. ఆ గీత 20.5 మిల్లీమీటర్లు దాటితే డీహెచ్‌ఎస్ చాలు. అలాంటివాళ్లకి నెయిల్ వేసినంత మాత్రాన నడక మెరుగుపడదు, ఖర్చు మాత్రం పెరుగుతుంది. ఆరోగ్యశ్రీ ప్యాకేజీలో నడిచే కేసుకి అది చిన్న విషయం కాదు. గోడ అంతకంటే పల్చనైతే స్క్రూకి దారి తొలిచే రీమర్ దింపేటప్పుడే పగలొచ్చు. ఆ తర్వాత స్క్రూ జారుతూ పోతుంటే ఆపేది ఉండదు, షాఫ్ట్ (తొడ ఎముక కాండం) లోపలికి పోతుంది, కాలు పొట్టవుతుంది. 2007 నాటి డెన్మార్క్ లెక్కల్లో గోడ విరిగినవాళ్లలో 22 శాతానికి మళ్లీ ఆపరేషన్ పడింది, నిలిచినవాళ్లలో 3 శాతానికే. బ్రిటన్ వైద్య ప్రమాణాల సంస్థ నైస్ మార్గదర్శకాలు 2011లో ఏ1 (సాదా చీలిక) తో పాటు ఏ2 (ఎక్కువ ముక్కలైనది) కీ డీహెచ్‌ఎస్సే చాలన్నాయి. పల్చని గోడ దగ్గర మాత్రం నేను వాళ్ల మాట వినను. రివర్స్ ఆబ్లిక్ (చీలిక బయటికీ కిందికీ వాలినది) అయితే ఆలోచనే వద్దు, నెయిలే. అక్కడ చీలికా, స్క్రూ జారే దారీ దాదాపు ఒకే వాలులో ఉంటాయి.

అసలు తప్పులు ఇంప్లాంట్ ఎంపికలో కంటే రిడక్షన్‌లోనే (విరిగిన ముక్కల్ని సరిగా కూర్చడంలోనే) ఎక్కువ. డ్రేప్ వేయకముందే కాలు లాగి పట్టే ట్రాక్షన్ టేబుల్ మీద రెండు వ్యూలూ చూసుకో. కాస్త వాల్గస్ (మెడ, షాఫ్ట్ మధ్య కోణం పెరగడం) ఉన్నా ఫరవాలేదు, వేరస్ (ఆ కోణం తగ్గడం) వదలకు. లాటరల్‌లో (పక్క నుంచి చూసే వ్యూలో) షాఫ్ట్ వెనక్కి జారి ఉంటే ఎంత లాగినా ఎక్కదు, తొడ కింద ఆధారం పెట్టి పైకి ఎత్తాలి. రిడక్షన్ కుదరకపోతే చిన్న కోత పెట్టి పరికరంతో సరిచేయి. నెయిలే సరిచేస్తుందని ఆశపడితే అది ఉన్న వంకరనే బిగించి పెడుతుంది. నెయిల్ ఎంట్రీ ట్రోకాంటర్ కొనమీద, లేదా పిసరు లోపలికి. బయటికి జరిగితే వేరస్సే. స్థూలకాయుల్లో మొండెం అవతలికి వంచకపోతే ఆ ఎంట్రీ దొరకదు.

స్క్రూ తొడ ఎముక తల మధ్యలోనో, ఏపీలో కాస్త కిందుగానో, లాటరల్‌లో నడిమధ్యనో ఉండాలి. ఏపీలోనూ లాటరల్‌లోనూ స్క్రూ కొన నుంచి తల శిఖరం దాకా దూరాలు కలిపితే 25 మిల్లీమీటర్లు దాటకూడదు. 1995లో సర్జన్ బామ్‌గార్ట్‌నర్ చెప్పిన లెక్క ఇది. ఆయన సిరీస్‌లో 25 లోపు ఉన్న ఒక్క స్క్రూ కూడా కట్ అవుట్ కాలేదు (తలను చీల్చుకుని బయటికి రాలేదు). ఫిల్మ్ బొమ్మను పెద్దది చేస్తుంది కాబట్టి స్క్రూ అసలు మందంతో పోల్చి సరిచేయడం మరవకు. రెండు స్క్రూల పీఎఫ్‌ఎన్ మనవాళ్ల చిన్న తొడ ఎముక మెడలకు ఇరుకవుతుంది. ఒకటి లోపలికి, ఒకటి బయటికి నడిచే జెడ్ ఎఫెక్ట్ బెడద కూడా దానికే. తల తిరగకుండా అదనంగా ఒక వైరు వేసుకుని స్క్రూ తిప్పు. దిగువ లాకింగ్ బోల్టు వేసేముందు ట్రాక్షన్ వదులు చేయి, లేకపోతే చీలిక నోరు తెరుచుకునే ఉంటుంది.

తొడ ఎముక మెడ ఫ్రాక్చర్ కదిలి ఉంటే పెద్దవయసులో ఫిక్సేషన్ జోలికి పోకు, సిమెంటెడ్ బైపోలార్ (సిమెంటుతో బిగించే కృత్రిమ తల) వేయి. కదలకుండా ఉంటే మూడు 6.5 మిల్లీమీటర్ల స్క్రూలు, తలకిందుల త్రికోణంలో. ఏ స్క్రూ ఎంట్రీ లెసర్ ట్రోకాంటర్ (లోపలి వైపు చిన్న ఉబ్బు) కిందికి దిగకూడదు, అక్కడే కొత్త ఫ్రాక్చర్ పుడుతుంది. 2017 ఫెయిత్ ట్రయల్‌లో స్క్రూలకీ స్లైడింగ్ హిప్ స్క్రూకీ (డీహెచ్‌ఎస్ తరహాదే) రెండేళ్లలో మళ్లీ ఆపరేషన్లు దాదాపు సమానం, అయిదింట ఒకరికి. ఇంటివాళ్లకి ఆ మాట ముందే చెప్పు.

మర్నాడే నిలబెట్టు. డిశ్చార్జ్ కాగితంలో విటమిన్ డి, కాల్షియం రాయి. రెండు వారాలు దాటాక, కిడ్నీ పనితీరు చూసి ఎముక అరుగుదల తగ్గించే జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు. రెండో తుంటి కూడా అదే ఎముకతో చేసిందే కదా.

ఆశీస్సులతో