గేర్‌బాక్సు బిల్లు 4 లక్షల 20 వేలు: ఎఫ్‌డీ తీయాలా, అప్పు చేయాలా, కారు అమ్మాలా?

బరంపురంలో పట్టుచీరల దుకాణం నడుపుతున్న ఒక పాఠకుడు పంపిన ఉత్తరం సారాంశం ఇది. ఆయన వయసు 38. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. అన్ని ఖర్చులూ, పన్నులూ పోగా దుకాణం నుంచి నెలకు లక్షా 60 వేలు ఇంటికి వస్తాయి. పద్నాలుగు నెలల క్రితం హైదరాబాదులో 2018 మోడల్ రెండు సీట్ల స్పోర్ట్స్ కారును 28 లక్షలకు కొన్నారు. అందులో 18 లక్షలు అప్పు: వడ్డీ 12.5 శాతం, గడువు అయిదేళ్లు, ఈఎంఐ 40,500. గత నెల రాత్రి తొమ్మిది గంటలకు భువనేశ్వర్ నుంచి వస్తుండగా, రంభ దగ్గర చిలికా ఒడ్డున గేర్లు పడడం మానేసి కారు ఆగిపోయింది. దొరికిన క్రేన్ వాళ్లు ముందు భాగానికి కొక్కెం తగిలించి ఎత్తేసరికి బంపర్ కింది అంచు విరిగింది. తర్వాత భువనేశ్వర్ నుంచి ఫ్లాట్‌బెడ్ బండి (కారును మొత్తంగా పైకి ఎక్కించుకుని తీసుకెళ్లేది) తెప్పించి, కారును అక్కడి వర్క్‌షాపుకే చేర్చారు. దానికి 16 వేలు అయ్యింది. గేర్‌బాక్సులోని క్లచ్‌లు, దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ యూనిట్, బంపర్, కూలీ కలిపి వర్క్‌షాపు ఇచ్చిన ఎస్టిమేట్ 4 లక్షల 20 వేలు. ఆయన అడిగినవి మూడు: బీమా వస్తుందా, రాకపోతే భార్య పేరున ఉన్న 3 లక్షల ఎఫ్‌డీ తీయాలా లేక 16 శాతం వడ్డీకి పర్సనల్ లోన్ తీసుకోవాలా, అసలు కారు ఉంచుకోవాలా.

మీ ఉత్తరంలో ఒక వాక్యం నన్ను ఆపింది. ‘28 లక్షల కారుకు నాలుగు లక్షల రిపేరు ఏమిటండీ’ అని రాశారు. మీ ఇబ్బందికి మూలం ఆ వాక్యంలోనే ఉందని నా నమ్మకం. మీరు కొన్నది 28 లక్షలకే అయినా, అది కొత్తగా 75 లక్షలు దాటిన కారు. పాతబడిన కొద్దీ కారు ధర తగ్గుతుంది గాని, దాని విడిభాగాల ధర తగ్గదు. ఆ క్లచ్ పెట్టెకు మీరు ఇచ్చే ధరా, నిన్న షోరూం నుంచి బయటికి వచ్చిన కారు యజమాని ఇచ్చే ధరా ఒకటే. కాబట్టి పాత స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లు కొనుగోలును 28 లక్షల లెక్కలో చూసుకున్నా, నిర్వహణను మాత్రం 75 లక్షల లెక్కలో చూసుకోవాలి. దాని మీద మన ప్రాంతపు దూరం ఒకటి. హైదరాబాదులో ఉన్నవారికి ఆటో ఎక్కి వెళ్లేంత దగ్గరలో ఉండే వర్క్‌షాపు, బరంపురంలో ఉన్న మీకు ఉత్తరాన 170 కిలోమీటర్ల దూరంలో భువనేశ్వర్‌లోనో, దక్షిణాన అంతకంటే ఎక్కువ దూరంలో విశాఖపట్నంలోనో ఉంది. చిన్న లోపం వచ్చినా ముందు ఫ్లాట్‌బెడ్ ఖర్చు పడుతుంది.

ముందు బీమా సంగతి. మామూలు మోటారు పాలసీ ప్రమాదం, దొంగతనం, అగ్ని, వరద, తుపాను వంటి వాటికి వర్తిస్తుంది. అరుగుదల వల్ల, యాంత్రిక లేదా విద్యుత్ లోపం వల్ల ఆగిపోయిన భాగాలకు వర్తించదని పాలసీ పత్రంలోనే స్పష్టంగా రాసి ఉంటుంది. అందువల్ల గేర్‌బాక్సుకు ఒక్క రూపాయి కూడా రాదు. కారు కింద రాయి తగిలిందని రాయిస్తే క్లెయిము పాస్ అవుతుందని వర్క్‌షాపులో ఎవరో మీతో అన్నారని రాశారు. దయచేసి ఆ దారిలో అడుగు పెట్టకండి. అబద్ధపు క్లెయిము బయటపడితే డబ్బు రాకపోవడం అటుంచి, పాలసీయే చెల్లకుండా పోతుంది, కేసు కూడా కావచ్చు. దుకాణంలో మాట మీద వ్యాపారం చేసే మనిషికి ఆ మచ్చ చాలా ఖరీదైనది.

బంపర్ విషయం వేరు. అది బయటి దెబ్బ వల్ల విరిగింది కాబట్టి, రిపేరు మొదలుకాక ముందే బీమా సంస్థకు జరిగింది జరిగినట్టు చెప్పి, నష్టాన్ని అంచనా వేసే సర్వేయరును పిలిపించుకోవచ్చు. అయితే లెక్క చూద్దాం. బంపర్ ధర 46 వేలు. మీ పాలసీలో జీరో డిప్ (తరుగు తీసేయకుండా ఇచ్చే అదనపు కవరు) లేదు కాబట్టి ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగు తీసేస్తారు, 1500 సీసీ దాటిన కారు కాబట్టి మరో 2 వేలు మీరే భరించాలి. సుమారు 21 వేలు చేతికి రావచ్చు. ఆ క్లెయిము వేస్తే ఇప్పుడున్న 20 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము వేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది, వచ్చే రెన్యువల్‌లో రావలసిన 25 శాతమూ రాదు. మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం (సొంత కారుకు జరిగే నష్టం కోసం కట్టే భాగం) 54 వేలు కాబట్టి వచ్చే ఏడాది ఒక్కదానిలోనే 13,500 నష్టం, ఆ పై ఏడాది 35 శాతానికి ఎక్కే అవకాశమూ పోతుంది. పైగా ఆ బోనస్ కారుకు చెందినది కాదు, యజమానికి చెందినది. కారు అమ్మినప్పుడు బీమా సంస్థ నుంచి ధ్రువపత్రం తీసుకుంటే, మూడేళ్ల లోపు కొనే మరో కారుకు వాడుకోవచ్చు. ఇవన్నీ కలిపి చూస్తే బంపర్ ఖర్చు మీరే పెట్టుకోవడం మేలని నాకు అనిపిస్తోంది.

ఇక అసలు నిర్ణయం. మీరు రాసిన ప్రకారం, హైదరాబాదులో పాత కార్లు కొనే ఇద్దరు డీలర్లు ఉన్నది ఉన్నట్టుగా 13 లక్షలు, బాగుచేసి సర్వీసు కాగితాలతో ఇస్తే 22 లక్షలు ఇస్తామన్నారు. మీ అప్పులో ఇంకా తీరాల్సిన అసలు, 14 ఈఎంఐల తర్వాత, సుమారు 14 లక్షల 74 వేలు. స్థిర వడ్డీ రుణం కాబట్టి ముందుగా తీర్చినందుకు 4 శాతం రుసుము ఉందని మీ శాంక్షన్ లెటర్‌లో కనిపిస్తోంది, అది సుమారు 59 వేలు. ఇప్పుడున్న స్థితిలోనే అమ్మితే కారు పోగా మీ జేబు నుంచి ఇంకా 2 లక్షల 33 వేలు కట్టాలి. బాగుచేసి 22 లక్షలకు అమ్మితే అప్పూ, రుసుమూ, రిపేరు ఖర్చూ, దానికి తెచ్చిన డబ్బుపై వడ్డీ అన్నీ పోగా సుమారు 2 లక్షల 37 వేలు మిగులుతాయి. 4 లక్షల 20 వేలు ఖర్చు పెడితే కారు విలువ 9 లక్షలు పెరుగుతోంది. అందుచేత ఉంచుకున్నా, అమ్మినా రిపేరు చేయించడమే సరైనది.

అయితే పని మొదలుపెట్టమనే ముందు ఒక జాగ్రత్త. మీరు పంపిన ఎస్టిమేట్ ఫొటోను పెద్దది చేసి చూశాను. అందులో ‘గేర్‌బాక్స్ అసెంబ్లీ వర్క్’ అని ఒకే వరుసలో 2 లక్షల 90 వేలు వేశారు. ఏ భాగం, దాని నంబరు ఏమిటి, కొత్తదా బాగుచేసినదా, వారంటీ ఎంత కాలం అన్న వివరాలు ఏమీ లేవు. భాగం వారీగా విడదీసి రాసి, స్కానర్‌లో వచ్చిన ఫాల్ట్ కోడ్‌ల ప్రింటు జతపరిచి ఇమ్మని అడగండి. ఆ రెండు కాగితాలనూ విశాఖలోనో హైదరాబాదులోనో ఇలాంటి గేర్‌బాక్సులు విప్పే స్వతంత్ర మెకానిక్కుకు పంపి అభిప్రాయం తీసుకోండి. క్లచ్‌లు అరిగి, ఎలక్ట్రానిక్ యూనిట్ బాగానే ఉండే సందర్భాలు ఉంటాయి, అలాంటప్పుడు బిల్లు చాలా తగ్గుతుంది. తీసేసిన పాత భాగాలను మీకే ఇవ్వాలని ముందే రాయించుకోండి.

డబ్బు ఎక్కడి నుంచి అన్న ప్రశ్నకు నా జవాబు స్పష్టంగా ఉంది: ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి. నెలకు 72 వేలు ఇంటి ఖర్చున్న కుటుంబానికి ఆ 3 లక్షలు నాలుగు నెలల ఊపిరి. చీరల వ్యాపారంలో పెళ్లిళ్ల ముహూర్తాలు లేని నెలలు ఎలా ఉంటాయో నాకంటే మీకే బాగా తెలుసు. 16 శాతం పర్సనల్ లోన్ కూడా వద్దు, క్రెడిట్ కార్డు అసలే వద్దు. దుకాణం క్యాష్ క్రెడిట్ ఖాతా నుంచి తీస్తానని ఉత్తరం చివర రాశారు, అదీ సరికాదు. సరుకు కోసం బ్యాంకు ఇచ్చిన డబ్బును సొంత కారుకు మళ్లిస్తే వచ్చే ఏడాది లిమిట్ రెన్యువల్ దగ్గర జవాబు చెప్పుకోవలసి వస్తుంది. మీ సేవింగ్స్ ఖాతాలోని లక్షా 40 వేలలో లక్షా 20 వేలు తీసి, మిగిలిన 3 లక్షలకు బ్యాంకులో బంగారంపై రుణం తీసుకోండి. వడ్డీ 10 శాతం అనుకున్నా నాలుగు నెలలకు 10 వేలు అవుతుంది. ఆ బంగారం మీ భార్యది. ఆవిడకు ఈ లెక్క మొత్తం చూపించి, ఆవిడ మనస్ఫూర్తిగా సరేనన్న తర్వాతనే బ్యాంకుకు వెళ్లండి. ఆవిడ వద్దంటే ఎఫ్‌డీని విడగొట్టకుండా దాని మీదనే బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి. ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతం మాత్రమే ఎక్కువ పడుతుంది, ఎఫ్‌డీలో సాధారణంగా 90 శాతం వరకు ఇస్తారు. రిపేరు బిల్లును దుకాణం ఖర్చుల్లో చూపించవచ్చా అని కూడా అడిగారు. వ్యాపారానికి వాడని కారు ఖర్చును వ్యాపార ఖర్చుగా చూపకూడదు.

బాగయ్యాక ఉంచుకోవాలా? ఈ కారంటే మీకు ఎంత ఇష్టమో ఉత్తరంలో ప్రతి పేరాలో కనిపించింది. పదో తరగతిలో గోడకు అంటించుకున్న బొమ్మను ముప్పై ఏడో ఏట ఇంటి ముందు నిలబెట్టుకోవడం చిన్న విషయం కాదు, దాన్ని నేను తప్పు అనను. కానీ మీ నెలసరి లెక్కలో ఇంటి ఖర్చు 72 వేలు, ఈఎంఐ 40,500, పిల్లల కోసం సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే పొదుపు) 15 వేలు, పెట్రోలు తదితరాలు 19,500 పోతే మిగిలేది 13 వేలు. మీ బిల్లుల ప్రకారం బీమా ఏడాదికి 62 వేలు, సర్వీసు 70 వేలు. రెండున్నరేళ్లకు ఒకసారి నాలుగు టైర్లకు పడే లక్షా 80 వేలను పంచితే ఏడాదికి సుమారు 70 వేలు. అనుకోని రిపేర్లకు లక్షా 20 వేలు, ఫ్లాట్‌బెడ్ వంటివాటికి 20 వేలు నా అంచనా. అన్నీ కలిపితే ఏడాదికి 3 లక్షల 42 వేలు, నెలకు 28,500. మీ దగ్గర మిగులుతున్నది అందులో సగం కూడా లేదు. అంటే మరో రిపేరు వచ్చిన ప్రతిసారీ పిల్లల సిప్ నుంచో, ఎఫ్‌డీ నుంచో, ఇంట్లో బంగారం నుంచో తీయక తప్పదు. ఈ స్థితిలో, బాగుచేసి నాలుగు నెలల లోపు అమ్మేయమనే నా సలహా.

అమ్మితే నెలకు 40,500 ఈఎంఐ ఆగిపోతుంది. అందులో 30 వేలను 7 శాతం వడ్డీ వచ్చే రికరింగ్ డిపాజిట్‌లో నాలుగేళ్లు వేస్తే, పన్ను లెక్క వేయకముందు సుమారు 16 లక్షల 50 వేలు అవుతుంది. అప్పుడు మీకు 42 ఏళ్లు. అప్పు లేకుండా ఇలాంటి కారే ఒకటి కొని, మునుపటి ఈఎంఐ డబ్బుతోనే దాన్ని పోషించుకోవచ్చు. నా దగ్గరికి వచ్చేవారికి నేను చెప్పే వరుస ఇదే: ఇలాంటి కారుకు ముందు నిర్వహణ నిధి, తర్వాత కారు.

మరొక సంగతి మీరు అడగలేదు గాని చెప్పాలి. కారు ఆర్‌సీ హైదరాబాదులోని మీ చెల్లెలి గారి చిరునామాతో మీ పేరున ఉంది, కారు మాత్రం పద్నాలుగు నెలలుగా ఒడిశాలో తిరుగుతోంది. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచిన వాహనానికి అక్కడి కొత్త నంబరు తీసుకోవాలి, అంటే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని ఒడిశాలో పన్ను కట్టాలి. ఉంచుకుంటే ఆ ఖర్చు కూడా మీ మీద పడుతుంది. హైదరాబాదు కొనుగోలుదారుకు త్వరగా అమ్మేస్తే కారు ఆ నంబరుతోనే అక్కడికి తిరిగి వెళ్తుంది, ఆ ఖర్చు ఉండదు.

ఈ నాలుగు నెలల్లో కారు మళ్లీ దారిలో ఆగితే ఏం చేయాలో కూడా రాస్తాను, ఎందుకంటే మొన్న బంపర్‌కు పోయిన 46 వేలు గేర్‌బాక్సు వల్ల పోయినవి కావు, కంగారు వల్ల పోయినవి. జాతీయ రహదారి మీద 1033కు ఫోన్ చేస్తే పెట్రోలింగ్ బండి, క్రేన్ వస్తాయి. కారును పక్కకు తీసి భద్రంగా పెట్టడానికి వారి సాయం తీసుకోండి, కాని ముందు భాగం ఎత్తనివ్వకండి. నేలకు ఇంత దగ్గరగా ఉండే కారును నాలుగు చక్రాలూ బండి మీదికి ఎక్కించే ఫ్లాట్‌బెడ్ మీదనే తీసుకెళ్లాలి. దాని డ్రైవర్ నంబర్లు భువనేశ్వర్‌లో ఒకటి, విశాఖలో ఒకటి ఈ రోజే సంపాదించి ఫోన్‌లో పెట్టుకోండి. మామూలు పాలసీ ప్రమాదం తర్వాత బండిని చేర్చడానికి ఇచ్చేది 1500 రూపాయలే. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ జతచేసుకున్నా చాలా పాలసీల్లో కిలోమీటర్ల పరిమితి ఉంటుంది, మీ పత్రంలో అది ఎంతో చూసుకోండి. అక్టోబరు, నవంబరులో తుపాను కబురు వస్తే కారును ఎత్తైన చోట పెట్టండి. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరు తిత్లీ వరద గజపతి, శ్రీకాకుళం జిల్లాల్లో ఏం చేసిందో మనం చూశాం. నీళ్లలో ఆగిన ఇంజన్‌ను మళ్లీ స్టార్ట్ చేస్తే లోపల జరిగే నష్టానికి, ఇంజన్ రక్షణ కవరు విడిగా తీసుకోకపోతే, బీమా రావడం కష్టం.

అమ్మే రోజున డబ్బు ముందు రుణసంస్థ ఖాతాకు వెళ్లేలా చూసి, అక్కడి నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 (ఆర్‌సీలో అప్పు నమోదును తీసేయించేది) తీసుకుని, యాజమాన్యం మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు చేయండి. కారు అప్పగించిన తేదీ, సమయం రాసిన కాగితం మీద కొనుగోలుదారు సంతకం ఉండాలి. ఆర్‌సీ ఆయన పేరుకు మారిందని మీ కళ్లతో చూసుకునే దాకా ఆ కాగితాన్ని భద్రంగా ఉంచండి. మిగిలిన డబ్బుతో ముందుగా బంగారం విడిపించి ఆ రసీదును మీ భార్య చేతికి ఇచ్చి, సేవింగ్స్ ఖాతాలో తీసిన లక్షా 20 వేలు తిరిగి వేసి, ఆ తర్వాతనే రికరింగ్ డిపాజిట్ ఫారం నింపండి.