నీ కెరటిన్ సంగతి మీ అమ్మ చెప్పింది

చిట్టీ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట ఊళ్ళో కబుర్లన్నీ చెప్పి, అసలు విషయం ఎప్పుడూ చివర్లోనే కదా దానికి, "అక్కా, అది నిశ్చితార్థానికి జుట్టు సాఫుగా మెరవడానికి పార్లర్లో కెరటిన్ చేయించుకుంటుందంట, మొదటి జీతంతో, రెండు వేలు అడ్వాన్స్ కూడా కట్టేసిందంట" అంది. మొదటి జీతం అన్న మాటకి నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. కెరటిన్ అన్న మాటకి వచ్చినవి వచ్చినట్టే ఆగిపోయాయి. తెల్లారగట్ల నాలుగింటికి లేచి కూర్చుని ఇది రాస్తున్నా. వాయిస్ మెసేజ్ పెడితే నువ్వు స్పీడు పెంచి వింటావని నాకు తెలుసు, అందుకే టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకో.

సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు టీవీ చూస్తుంటే వెనకాల కూర్చుని నీ జడ విప్పా, గుర్తుందా? చిక్కు తీస్తున్నా అనుకున్నావు. ఒక్క వెంట్రుక తీసి మాడు దగ్గర నుంచి కొస దాకా రెండు వేళ్ళ మధ్య లాగి చూశా. అటు లాగితే నున్నగా జారాలి, నీది గరగరలాడింది. వెంట్రుక మీద చేప పొలుసుల్లాగ పొరలుంటాయే, అవి బుద్ధిగా పడుకుని ఉంటే వెలుతురు అద్దం మీద పడ్డట్టు తిరిగొస్తుంది, లేచి నిలబడితే చెదిరిపోతుంది, మెరుపంటే ఇంతే, ఇందులో పదివేలు పెట్టాల్సిన రహస్యం ఏమీ లేదు. గోదావరి నీళ్ళతో పెరిగిన జుట్టు నీది, దాన్ని తీసుకెళ్ళి మాదాపూర్ హాస్టల్లో బోరు నీళ్ళలో ముంచావు. మీ బకెట్ అంచు చూడు, తెల్లగా సున్నం కట్టుంటుంది, కుళాయి మూతికి కూడా ఉంటుంది. అదే సున్నం ఏడాదిగా నీ నెత్తి మీద కూడా కడుతోంది. ముందు అది వదిలించాలి. దాని మీద కెరటిన్ పూసినా బంగారం పూసినా మాసిన గోడకి రంగేసినట్టే.

వదిలించడం ఎలాగంటే, షాంపూ సీసా వెనక సన్న అక్షరాల్లో ఈడీటీఏ అని రాసున్నది చూసి తీసుకో, సున్నాన్ని పట్టి లాగేది అదే, జిడ్డూ మడ్డీ వదిలించే రకం, క్లారిఫయింగ్ అంటారు, అది 15 రోజులకోసారి చాలు, రోజూ రాస్తే ఉన్న నూనె కూడా పోతుంది. నురగ మాడుకి, కండిషనర్ కొసలకి, ఈ రెండూ తారుమారు చెయ్యకు. ఆఖరి చెంబు మాత్రం బోరు నీళ్ళు వద్దు, ఫిల్టర్ నీళ్ళు లీటరు పట్టుకుని అందులో ఒక టేబుల్ స్పూన్ వెనిగర్ కలిపి పోసుకో, వాసన ఆరితే పోతుంది. తువ్వాలుతో బట్టలుతికినట్టు రుద్దకు, పాత కాటన్ పంచె చుట్టుకో. తడి జుట్టు మీద ఆ ఇస్త్రీ పెట్టె లాంటిది పెట్టావంటే లోపల నీళ్ళు ఉడికి వెంట్రుక పొంగిపోతుంది, ఆ తర్వాత దాన్ని దేవుడు కూడా బాగుచెయ్యలేడు.

కొబ్బరి నూనె తలంటుకి ఒక గంట ముందు పెట్టుకో, తర్వాత కాదు, ఆ ట్రాఫిక్ దుమ్మంతా అంటుకుంటుంది. 2003లో బొంబాయిలో కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడూ పెట్టి చూస్తే కొబ్బరి నూనే వెంట్రుకలోకి ఇంకి, కడిగినప్పుడు లోపలి ప్రొటీన్ పోకుండా ఆపిందని తేలింది, చేసింది కొబ్బరి నూనె అమ్మేవాళ్ళే అనుకో, అయినా మా అమ్మ చెప్పిందీ అదే కాబట్టి నమ్ముతున్నా. గుడ్డు మాత్రం నెత్తికి పుయ్యకు, అది వెంట్రుకలోకి దూరేది కాదు, అట్టేసుకు తిను. కుంకుడుకాయలు డబ్బాలో పోసి పంపిస్తున్నా, గింజలు తీసేశా, ఎనిమిది కాయలు రాత్రి నానేసి పొద్దున్న పిసికి బట్టలో వడగట్టు, అందులో నాలుగు మందారాకులు నలిపితే జిగురొస్తుంది. కళ్ళు మండుతాయి, ఏడు, చిన్నప్పుడు ఏడవలేదా.

నీ జడ నడుం దాకా ఉంది కదా, జుట్టు నెలకి సెంటీమీటరు పెరుగుతుంది, ఆ లెక్కన నీ జడ కొస నువ్వు ఇంటర్ చదివేటప్పుడు పుట్టింది. అప్పట్నించీ ఎన్ని రిబ్బన్లు, ఎన్ని దువ్వెనలు, ఎంత ఎండ. కొస రెండంగుళాలు కత్తిరించేయ్, చిరిగిన పొర అతుక్కోదు. అన్నట్టు మీ అమ్మమ్మకి థైరాయిడ్ ఉండేది, జుట్టు ఊడుతూ నీరసంగా కూడా ఉంటే థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్, ఈ రక్త పరీక్షలు చేయించుకో. ఇది వాయిదా వెయ్యకు.

ఇక నువ్వు అడ్వాన్స్ కట్టిన పార్లర్. దానికి కిటికీలు ఎన్ని? నవ్వకు, ముందు చెప్పు. ఏసీ గదిలో తలుపులేసి ఆ ద్రావణం రాసి మీద వేడి ఇస్త్రీ పెడతారు, కళ్ళు మండించే ఆ పొగలో ఫార్మాల్డిహైడ్ ఉండొచ్చు, కాలేజీలో శవాలు పాడవకుండా పోస్తారే ఫార్మలిన్, అదే. డబ్బా మీద ఫార్మాల్డిహైడ్ ఫ్రీ అని రాసున్నా వేడి తగిలితే వదిలే రకాలున్నాయి. అది లేకుండా చేసేవాటిల్లో కొన్నింట్లో గ్లయాక్సిలిక్ యాసిడ్ అనే రసాయనం ఉంటుంది. 2024లో డాక్టర్లు రాశారు, ఒక 26 ఏళ్ళ అమ్మాయి అది ఉన్న క్రీముతో మూడు సార్లు జుట్టు సాఫు చేయించుకుంటే మూడు సార్లూ కిడ్నీ దెబ్బతింది. అందరికీ అవుతుందని కాదు. కానీ నేను 20 ఏళ్ళు నా పార్లర్లో, కిటికీ లేని ముందు గదిలో ఆ వాసనల మధ్య నిలబడ్డా, ఇప్పుడు అగరొత్తి వెలిగించినా దగ్గొస్తుంది నాకు. డాక్టరు దానివల్ల అని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు.

ఇదంతా ఒకెత్తు. నేను రాత్రంతా పడుకోనిది దీనికి కాదు.

మీ ఇంట్లో హాల్లో మీ అమ్మ పెళ్ళి ఫొటో ఉంది చూడు, వెనక్కి తిరిగి నిలబడి పూలజడ చూపిస్తున్నది. "అమ్మా నీకంత జుట్టు ఉండేదా" అని చిన్నప్పుడు అడిగేదానివి, అది నవ్వి ఊరుకునేది. ఆ జడ మీ అమ్మది కాదే. సవరం.

1999 వేసవి. రాజమండ్రి దానవాయిపేటలో పార్లర్ పెట్టి నాకు నాలుగేళ్ళు, వైజాగ్‌లో మూడు నెలల కోర్సు చేసొచ్చాను కదా, నన్ను మించినవాళ్ళు లేరనుకునేదాన్ని. పెళ్ళికి ముందు ఏడాది మీ అమ్మకి టైఫాయిడ్ వచ్చి లేచింది, జుట్టు పిరుదుల దాకా ఉండేది కానీ కొబ్బరి పీచులా కళ తప్పిపోయింది. అదేం అడగలేదు నన్ను. నేనే "రావే, పెళ్ళికొడుకు చూసి కళ్ళు తిప్పుకోకూడదు" అని లాక్కొచ్చి కూర్చోబెట్టి స్ట్రెయిటెనింగ్ క్రీము పట్టించా, అప్పుడే కొత్తగా వచ్చింది, కుళ్ళిన గుడ్డు కంపు. జబ్బు పడి లేచిన జుట్టుకి అసలు రాయకూడదు, ముందు ఒక పాయకి రాసి చూడాలి, ఇదంతా నాకు కోర్సులో చెప్పారు. 15 నిమిషాలకి కడిగెయ్యాలి. ఈలోపు ఐబ్రోస్‌కి ఒకావిడ వచ్చింది, ఆవిడ వెనకే ఇద్దరు, పెళ్ళిళ్ళ సీజన్, చెల్లెలే కదా కాసేపు కూర్చుంటుందిలే, వీళ్ళు పోతే మళ్ళీ రారు అనుకున్నా. అది రెండుసార్లు "అక్కా మంటగా ఉంది" అంది. "ఉండవే" అన్నా. తర్వాత గడియారం చూస్తే ముప్పావుగంట.

కడుగుతుంటే జుట్టు నా చేతుల్లో ఉడికిన సేమ్యాలా సాగింది. సాగి, తెగింది. బేసిన్‌లో చూసి నాకు కాళ్ళు చల్లబడిపోయాయి. అది అద్దంలోకి చూసుకుంది, దువ్వెన చూసింది, ఏడవలేదు, "అమ్మకి చెప్పకు అక్కా, నిన్ను చంపేస్తుంది" అంది.

మెడ దాకా కత్తిరించి, మెయిన్ రోడ్డులో సవరం కొన్నా. పెళ్ళికూతుర్ని చేసే రోజు పొద్దున్న తలంటు పోస్తూ అమ్మ కొంగు తీసి చూసింది. నేను నోరు తెరిచేలోపు ఇది "నేనే కత్తిరించుకున్నా, ఫ్యాషనని" అనేసింది. పీటల మీద కూర్చోవాల్సిన పిల్ల పసుపు చేతుల్తో దెబ్బ తింది. నేను గుమ్మం దగ్గర నూనె గిన్నె పట్టుకుని నిలబడ్డా. చెప్పలేదు. మా అమ్మ పోయేదాకా కూడా చెప్పలేదు. మళ్ళీ మీ అమ్మ జుట్టు నడుం చేరడానికి నాలుగేళ్ళ పైనే పట్టింది, అప్పటికి నువ్వు పుట్టి ఆ కొసలు పట్టుకుని లాగేదానివి. ఇన్నేళ్ళలో ఒక్కసారి దెప్పలేదు నన్ను. కానీ తల మాత్రం నాకివ్వలేదు, ఈనాటికీ ఎర్ర దువ్వెనతో తనే దువ్వుకుంటుంది.

నీ డబ్బు నీ ఇష్టం, సొంతంగా సంపాదించుకున్నావు, వద్దనే హక్కు నాకు లేదు, ఉందేమో కూడా, పెద్దమ్మని కదా. నిశ్చితార్థానికి ఇంకా ఆరు వారాలుంది, ఈ లోపల మూడు సార్లు సున్నం వదిలించుకో, కొసలు కత్తిరించు, అప్పటికీ బాగోలేదనిపిస్తే కిటికీ ఉన్న చోట చేయించుకో, ఏం రాస్తున్నారో డబ్బా ఫొటో తీసి ముందు నాకు పంపు. ఆ రెండు వేలు పోతే పోయాయి, ఫోన్‌పే చేస్తా, మీ అమ్మకి చెప్పకు.

పై శనివారం వచ్చేటప్పుడు హాస్టల్ నీళ్ళు ఒక సీసాడు పట్టుకురా. సబ్బు ముక్క వేసి గిలక్కొట్టి చూద్దాం, పక్కన మన కుళాయి నీళ్ళు పెట్టి. తలంటు మాత్రం మీ అమ్మ చేత పోయించుకో, నేను వేణ్ణీళ్ళు తోడి అందిస్తా.

పెద్దమ్మ