శుక్రవారం రాత్రి భోజనానికి పిలిచారు, ఎలా వెళ్ళాలి?

"అక్కా, మేం న్యూజెర్సీలో ఎడిసన్‌కి వచ్చి నాలుగు నెలలైంది. మా ఆయన టీమ్‌లో ఒక యూదుడు ఉన్నారు, ఇల్లు హైలాండ్ పార్క్‌లో. వచ్చే శుక్రవారం రాత్రి భోజనానికి రమ్మన్నారు. చాలా ఆచారవంతులట. మేమేమో శాకాహారులం. ఏం తీసుకెళ్ళాలి, ఏం మాట్లాడాలి? టెన్షన్‌గా ఉంది."

టెన్షన్ పక్కన పెట్టి నిక్షేపంగా వెళ్ళండమ్మా. శుక్రవారం రాత్రికి పిలిచారంటే మామూలు డిన్నర్ కాదు, ఇంట్లో పండక్కి పిలిచినట్టే. వాళ్ళకి రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. షబ్బాత్, అంటే వాళ్ళ వారపు విశ్రాంతి దినం, శుక్రవారం సాయంత్రం వచ్చి, శనివారం రాత్రి ఆకాశంలో మూడు చుక్కలు కనబడ్డాక వెళ్తుంది. పొద్దు గుంకడానికి 18 నిమిషాల ముందే ఇంటావిడ దీపాలు వెలిగించేస్తుంది. డిసెంబరులో ఇక్కడ అది సాయంత్రం నాలుగుంబావుకే, జూన్‌లో ఎనిమిది దాటాక. అందుకని ఎన్నింటికి రావాలో ముందే అడుగు. చీకటి పడ్డాక వెళ్తే బెల్ కొట్టకు, తలుపు తట్టు, ఎందుకో కింద చెప్తాను.

పులిహోర కలిపి పట్టుకెళ్దామని అనుకుంటున్నావేమో, వద్దు. నేను వచ్చిన కొత్తలో గారెలు చేసి తీసుకెళ్ళాను. ఇంటావిడ రెండు చేతులతో అందుకుని, ఎంతో మెచ్చుకుని, లోపల ఎక్కడో పెట్టేసింది. టేబుల్ మీదకి రాలేదు. నాకు మనసు చివుక్కుమంది. మా నానమ్మ మడి చూసి పెరిగినదాన్ని కదా, "ఓహో, మనం మైలన్నమాట" అనుకున్నాను. అక్కడే మనం పొరపాటు పడతాం. వాళ్ళు నన్ను కౌగిలించుకుని పక్కనే కూర్చోబెట్టుకుని తిన్నారు. పేచీ నాతో కాదు, నా మూకుడుతో. మేకపిల్లను దాని తల్లి పాలలో ఉడకబెట్టొద్దని వాళ్ళ ధర్మగ్రంథం తోరాలో మూడు చోట్ల ఉంది. దాన్నిబట్టి మాంసానికీ పాలకీ గిన్నెలు, గరిటెలు, కొన్ని ఇళ్ళలో సింకులు కూడా వేరు. నా మూకుడులో అంతకుముందు ఏం వండానో వాళ్ళకేం తెలుసు? వైన్ సంగతి మాత్రం వేరు. విగ్రహాలకి వైన్ ధారపోసే కాలం నాటి నియమం ఒకటుంది, దాని ప్రకారం యూదులు కానివాళ్ళు ముట్టుకున్న వైన్ తాగరు. కాచిన వైన్‌కి ఆ పట్టింపు లేదు. ఏది కాచిందో మనకెలాగూ తెలీదు కాబట్టి సీసా జోలికే పోవద్దు. శుక్రవారం మధ్యాహ్నమే పూలు పంపించెయ్యండి, లేదా కోషర్ ముద్ర (వాళ్ళ నియమాల ప్రకారం తినదగిందని గుర్తు) ఉన్న సీల్డ్ చాక్లెట్ పెట్టె.

శాకాహారులమని చెప్పేటప్పుడు "చేప కూడా తినం" అని విడిగా చెప్పు. వాళ్ళ లెక్కలో చేప మాంసం కిందకి రాదు. గుడ్డు తినకపోతే అదీ చెప్పు, హల్లా అనే జడల రొట్టెలో సాధారణంగా గుడ్డు ఉంటుంది. మాటలో మాటగా నీకు పనికొచ్చే చిట్కా ఒకటి: షాపులో పాకెట్ మీద సున్నాలో యు అక్షరం కనబడితే అది కోషర్ ముద్ర. పక్కన 'పరేవ్' అని ఉంటే అందులో మాంసమూ పాలూ రెండూ లేవని అర్థం. గుడ్డు, చేప ఉండొచ్చు, వెనక్కి తిప్పి చదువుకో.

టేబుల్ దగ్గర ముందు వైన్ మీద ప్రార్థన. తర్వాత రెండు చెవుల చెంబుతో చేతులు కడుక్కుంటారు. కడుక్కున్నాక రొట్టె తుంచి నోట్లో పెట్టుకునేదాకా ఎవరూ మాట్లాడరు. నువ్వేదైనా అడిగితే నవ్వి తల ఊపుతారంతే, కంగారు పడకు. మా తాతయ్య ఔపోశన పట్టేటప్పుడు కబుర్లు చెప్పబోతే ఇలాగే చేత్తో ఆగమనేవారు.

మీ ఆయనకి మాత్రం గట్టిగా చెప్పు: లైట్లు ముట్టుకోవద్దు. షబ్బాత్‌లో చెయ్యకూడని పనులు 39 రకాలు, నిప్పు రాజెయ్యడం, ఆర్పడం వాటిలోవే. స్విచ్చులూ ఆ లెక్కలోకే వస్తాయి. మా ఆయన బాత్రూంలోంచి వస్తూ అలవాటు కొద్దీ లైటు ఆపేశారు. కరెంటు బిల్లు చూసి పెరిగిన ప్రాణం మరి! ఇంట్లో ఎవరూ మళ్ళీ వెయ్యకూడదు, మమ్మల్ని వెయ్యమని నోరు తెరిచి అడగనూ కూడదు. కాసేపటికి వాళ్ళ బామ్మగారు గోడకి చెప్పినట్టు "లోపల చీకటిగా ఉంది" అన్నారు. మా ఆయనకి అర్థం కావడానికి రెండు నిమిషాలు పట్టింది. ఫోన్ కూడా కారులోనే వదిలెయ్యండి, ఫొటోలు వద్దు.

మాటల గురించి అసలు దిగులే వద్దు. ప్రశ్నలు అడిగేవాళ్ళంటే వాళ్ళకి ప్రాణం. తాల్మూద్ అని, వాళ్ళ ధర్మం మీద పాతకాలపు గురువుల వాదోపవాదాల గ్రంథం, దాని పేజీ ఒకటి చూపించమను. నడిమధ్య మూలం, ఒక పక్క రాషి అనే పండితుడి వ్యాఖ్య, రెండో పక్క ఆయన తర్వాతివాళ్ళ అభ్యంతరాలు. ఓడిపోయిన వాదననీ కొట్టెయ్యకుండా ఉంచారు. అందులోదే హిల్లెల్ అనే గురువు కథ. ఒంటికాలి మీద నిలబడి ఉండగానే తోరా అంతా చెప్పెయ్యమని ఒకడు అడుగుతాడు. షమ్మాయ్ అనే ఇంకో గురువు కొలబద్ద పట్టుకుని తరిమేస్తాడు. హిల్లెల్ మాత్రం, నీకు ఏది కంటగింపో అది ఇతరులకి చెయ్యకు, మిగతాదంతా వ్యాఖ్యానం, వెళ్ళి చదువుకో అంటాడు. నేను ఆగలేక తిక్కన గారి "ఒరులేయవి యొనరించిన" పద్యం మొత్తం అప్పజెప్పి అర్థం చెప్పాను. పెద్దాయన రెండోసారి చదివించుకుని, "మరి మీవాళ్ళు వ్యాఖ్యానం ఎక్కడ రాశారు?" అన్నారు. ఇప్పటికీ జవాబు వెతుక్కుంటున్నాను.

భోజనానికి ముందు తండ్రి పిల్లల తల మీద చెయ్యి పెట్టి దీవిస్తాడు. మగపిల్లల్ని తోరాలోని అన్నదమ్ములు ఎఫ్రాయిం, మనష్షేల్లా ఉండమని. అప్పుడు చెప్పు, గుంటూరు దగ్గర చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారని, ఎఫ్రాయిం గోత్రం మాదేనంటారని. వాళ్ళ పేరే బెనె ఎఫ్రాయిం. ఆ రాత్రి ఇంక నిన్ను వదలరు.

గుమ్మం సంగతి ఒకటి మిగిలింది. వాళ్ళ గుమ్మానికి కుడివైపు ఏటవాలుగా చిన్న గొట్టం ఉంటుంది, మెజూజా. లోపల తోలు మీద చేత్తో రాసిన తోరా వాక్యాలుంటాయి. మనకి పసుపు కుంకుమల్లాగే అనుకో. మా గృహప్రవేశానికి నేను వీధి తలుపు మీద కుంకుమతో స్వస్తిక్ వేశాను. రోజూ పలకరించే పక్కింటి యూదు పెద్దావిడ వారం రోజులు ముఖం చాటేసింది. నాజీల గుర్తూ స్వస్తికే కదా, వాళ్ళు చంపిన 60 లక్షల మంది యూదుల్లో ఆవిడ మేనమామలూ ఉన్నారని తర్వాత తెలిసింది. వెళ్ళి కూర్చుని మన అర్థం చెప్పాను, విన్నది. "నాకు అర్థమైంది. కానీ పొద్దున్నే తలుపు తియ్యగానే అర్థం గుర్తు రాదు" అంది. ఇప్పుడు స్వస్తిక్ పూజగదిలో ఉంది, వీధి తలుపు మీద శ్రీ రాశాను. మన గుర్తు మనమెందుకు దాచాలని కొందరు నాతో పోట్లాడతారు. పోట్లాడనీ.

ఇంకో మాట. శనివారం పొద్దున్నే థాంక్స్ మెసేజ్ పెట్టి, జవాబు రాలేదని మీ ఆయన్ని సతాయించకు. చుక్కలు వచ్చాక వస్తుంది.