నీళ్లు మరిగిస్తే కఠినత్వం పోతుందా?

కొంతే పోతుంది. కఠినత్వం అంటే నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలే. కాల్షియం బైకార్బనేట్‌గా ఉన్న భాగం మరిగినప్పుడు కార్బనేట్‌గా మారి గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది. పైన తేరిన నీళ్లు వంపుకోవచ్చు. సల్ఫేట్లు, క్లోరైడ్లుగా ఉన్నది మాత్రం ఎంత మరిగించినా కదలదు.

గీజర్‌లో జరిగేదీ ఇదే. ఆ పొర వేడిని నీళ్లకు సరిగ్గా చేరనివ్వదు, దాంతో ఎలిమెంట్ అతిగా కాలి మాడిపోతుంది. 60 డిగ్రీలు దాటాక పొర ఇంకా త్వరగా కడుతుంది కాబట్టి థర్మోస్టాట్‌ను అంతకు మించి పెట్టకండి.

షవర్ రంధ్రాలు పూడుకుపోతే వెనిగర్, నీళ్లు సమంగా కలిపి గంటసేపు నానబెట్టి బ్రష్‌తో తోమండి. అందులో బ్లీచ్ కలపొద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది. వెనిగర్ పాలరాయి మీద పడితే మెరుపు పోతుంది.

ఇల్లంతటికీ కఠినత్వం లేని నీళ్లు కావాలంటే రెజిన్ (సన్నని ప్లాస్టిక్ పూసలు) ఉన్న వాటర్ సాఫ్ట్‌నరే దారి. రెజిన్ కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని సోడియంను వదులుతుంది. అది నిండాక గాఢమైన ఉప్పునీటితో కడిగితేనే మళ్లీ పనిచేస్తుంది. ఈ పని మానేసి యంత్రాన్ని తిట్టుకునేవాళ్లే ఎక్కువ! ఫలితాన్ని టీడీఎస్ మీటర్‌తో (నీళ్లలో కరిగిన మొత్తం పదార్థాలను చూపేది) చూడొద్దు, సాఫ్ట్‌నర్ దాటినా ఆ అంకె దాదాపు మారదు. హార్డ్‌నెస్ టెస్ట్ కిట్ వాడండి. కాల్షియం కార్బనేట్ లెక్కన లీటరుకు 180 మిల్లీగ్రాములు దాటితే అవి బాగా కఠినమైన నీళ్లే.