బండి అమ్మి రెండేళ్లైంది, కోర్టు నోటీసు మాత్రం నాకే వచ్చింది

సందేహం: రెండేళ్ల కింద నా బైక్ ఒకతనికి అమ్మాను. ఫారాల మీద సంతకాలు పెట్టిచ్చాను. అతను ఆర్సీలో పేరు మార్చుకోకుండానే ఇంకొకరికి అమ్మేశాడు. ఆ మూడో మనిషి యాక్సిడెంట్ చేస్తే నష్టపరిహారం కేసులో నన్నూ చేర్చారు. నేనెందుకు కట్టాలి? (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీ బాధ అర్థమైంది కానీ చట్టం మీ వైపు లేదండీ. మోటారు వాహనాల చట్టంలో ఓనర్ అంటే ఆర్సీలో పేరున్న మనిషే. డబ్బు ఎవరిచ్చారు, తాళాలు ఎవరి దగ్గరున్నాయి అన్నవి గాయపడ్డవాళ్లకు అనవసరం. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది కూడా ఇదే. అక్కడా కారు చేతులు మారుతూ పోయింది, చివరికి బాధ్యత ఆర్సీలో పేరున్న మొదటి ఓనర్ మీదే పడింది.

పేరు మార్చుకోవడం కొన్నవాడి పని అనుకుంటారు చాలామంది. సెక్షన్ 50 ప్రకారం కొన్నవాళ్లకు 30 రోజులు గడువుంటే, అదే రాష్ట్రంలో అమ్మినప్పుడు మీకు 14 రోజులే. ఫారం 29తో ఆర్టీఏకి తెలియజేయాల్సింది మీరే. ఆ ఫారాన్ని సంతకం పెట్టి కొన్నవాడి చేతిలో పెట్టేస్తే అది అతని బీరువాలో ఉంటుంది, ఆఫీసుకు చేరదు.

ఇప్పుడు ముందు చూడాల్సింది యాక్సిడెంట్ రోజున బండికి ఇన్సూరెన్స్ ఉందా లేదా అన్నది. కనీసం థర్డ్ పార్టీ పాలసీ నడుస్తుంటే సగం టెన్షన్ తగ్గినట్టే, ఎందుకంటే బండి చేతులు మారిందన్న ఒక్క కారణంతో కంపెనీ బాధితులకు డబ్బు ఎగ్గొట్టలేదు, సెక్షన్ 157 ఉన్నది అందుకే. పాలసీ లేకపోతే మాత్రం భారం మీ మీద పడే ప్రమాదం నిజంగానే ఉంది. నోటీసును మూలన పడేయకండి, మీరు వెళ్లకపోతే ట్రిబ్యునల్ ఎక్స్‌పార్టీగా, అంటే మీ వాదన వినకుండానే, తీర్పు ఇచ్చేస్తుంది. లాయర్‌ని పెట్టుకుని కౌంటర్ (మీ రాతపూర్వక జవాబు) వేయండి, కొన్న ఇద్దరినీ పార్టీలుగా చేర్చమని అడగండి. సేల్ లెటర్, డబ్బు అందిన బ్యాంకు స్టేట్‌మెంట్, వాట్సాప్ చాట్ ఏది ఉన్నా భద్రంగా ఉంచుకోండి, రేపు మీరు కట్టాల్సి వస్తే కొన్నవాడి మీద రికవరీ దావాకి అవే ఆధారం.

బండి ఇంకా మీ పేరునే ఉంది కదా, ఆలస్యమైనా ఆర్టీఏకి రాతపూర్వకంగా తెలియజేసి రసీదు తీసుకోండి. జరిగిన యాక్సిడెంట్‌కి అది పనికిరాదు, కానీ బండి ఇవాళ కూడా రోడ్డు మీదే తిరుగుతోంది.