యువ రచయితకు: సూదిబెజ్జమంత రంధ్రం గురించి

మిత్రమా,

మీ కథ రెండుసార్లు చదివాను. అంతరిక్ష కేంద్రానికి తగిలించి ఉన్న నౌక దెబ్బతినగానే సైరన్లు మోగడం, మంటలు లేవడం, నాయకుడు పరుగున వెళ్లి అందరినీ కాపాడటం ఉత్సాహంగా రాశారు. దాన్ని తప్పుపట్టను, తొలినాళ్లలో నేనూ మంటలు లేకుండా ఒక్క కథా ముగించలేదు. అయితే అలాంటి నౌక తెచ్చిపెట్టే చిక్కు మంటలతో తీరేది కాదు. దాన్ని నమ్మాలా వద్దా అని తేల్చుకోవడంలోనే వారాలు గడిచిపోతాయి.

2022 డిసెంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి తగిలించి ఉన్న రష్యన్ వ్యోమనౌక సోయుజ్ ఎంఎస్-22 సంగతి చూడండి. ఇద్దరు రష్యన్ వ్యోమగాములు స్పేస్‌వాక్‌కు సిద్ధమవుతున్న వేళ, కేంద్రంలోని రస్వెట్ అనే రష్యన్ విభాగానికి తగిలించి ఉన్న ఆ నౌక వెనుకభాగం నుంచి శీతలీకరణ ద్రవం తెల్లటి తుంపరగా శూన్యంలోకి చిమ్మింది. స్పేస్‌వాక్ రద్దయింది, అంతే. ఎవరికీ గాయం కాలేదు. వేడిని బయటికి పంపే రేడియేటర్‌కు పడిన రంధ్రం సుమారు 0.8 మిల్లీమీటర్లు. సూక్ష్మ ఉల్క తగలడమే కారణమని రష్యా అంతరిక్ష సంస్థ రాస్‌కాస్మోస్ చెప్పింది.

కేంద్రంలో గాలి, తిండి, చల్లదనం అన్నీ యథావిధిగానే ఉన్నాయి. మరి భయం దేనికి? రష్యన్లు ప్రోకోపియెవ్, పెటెలిన్, అమెరికన్ రూబియోలను ఇంటికి చేర్చవలసింది ఆ నౌకే. కేంద్రాన్ని ఉన్నపళంగా ఖాళీ చేయవలసివస్తే వారికి దిక్కూ అదే. చల్లబరిచే ద్రవం లేని ఆ ఇరుకు గుళికలో ముగ్గురు కూర్చుంటే, వారి ఒంటి వేడి, చెమట తేమ, పరికరాల వేడి బయటికి పోయే దారిలేక పేరుకుంటాయి. ముగ్గురుంటే తట్టుకోలేని వేడి, ఇద్దరే ఉంటే తట్టుకోగలిగేంతకు తగ్గవచ్చునేమో. ఈ లెక్క నుంచే, నా దృష్టిలో, ఆ ఉదంతంలోకెల్లా గొప్ప దృశ్యం పుట్టింది: 2023 జనవరిలో రూబియో సీటు లైనర్‌ను, అంటే ఆయన ఒంటికే సరిపోయేలా పోసిన అచ్చును, సోయుజ్ నుంచి ఊడదీసి, అదే కేంద్రానికి తగిలించి ఉన్న అమెరికన్ నౌక డ్రాగన్‌లో అమర్చారు. నలుగురి కోసం వచ్చిన నౌకలో ఐదో మనిషికి చోటు చేశారు. తన ఒంటి ఆకారం తనకంటే ముందు మరో నౌకలోకి వెళ్తుంటే చూస్తూ నిలబడిన మనిషి మనసులో ఏముంటుందో మీరు రాయండి. దాని ముందు మీ మంటలు వెలవెలబోతాయి.

ఫిబ్రవరిలో అక్కడే ఉన్న ప్రోగ్రెస్ ఎంఎస్-21 సరుకు నౌక నుంచి కూడా ద్రవం కారిపోయింది. ఇలాంటి కాకతాళీయం మీరు కల్పించి రాస్తే ఏ సంపాదకుడూ నమ్మడు. దెబ్బతిన్న సోయుజ్‌కు బదులుగా ఫిబ్రవరి 24న సోయుజ్ ఎంఎస్-23ను మనుషులు లేకుండా పంపారు. దెబ్బతిన్న నౌక మార్చి 28న ఖాళీగా కజఖ్‌స్తాన్‌లో దిగింది. ఆరు నెలలకని వెళ్లిన ముగ్గురు ఆ కొత్త నౌకలో 371 రోజులకు, 2023 సెప్టెంబరు 27న తిరిగొచ్చారు. ఆ అదనపు నెలలను మీరు ఒక్క వాక్యంలో దాటేసినా నాకు అభ్యంతరం లేదు, ఆ వాక్యం బరువుగా ఉంటే చాలు.

మీ రెండో భాగంలో "ఇప్పుడే చెప్పలేం" అని పదేపదే అనే ఇంజనీరు ఉన్నాడు. అతన్ని విసుగు పుట్టించే పాత్రగా మలిచారు గానీ, కథంతా అతనిదే. మూడో భాగాన్ని అతని వైపు నుంచి తిరగరాసి పంపండి. కావాలంటే సైరన్ ఒక్కటి ఉంచుకోండి.

శుభాకాంక్షలతో,
మీ పాత పాఠకుడు